కుదించేవారికీ విప్పేవారికీ ఒకే ఒప్పందం

(నష్టం లేని డేటా కంప్రెషన్: ఒక పరిచయం)



స్కాలర్‌షిప్ దరఖాస్తుకు సర్టిఫికెట్లు పంపేటప్పుడు, ప్రాజెక్టు రిపోర్టు మెయిల్ చేసేటప్పుడు, పాత ప్రశ్నపత్రాలు ఒకరి దగ్గర ఒకరం తీసుకునేటప్పుడు ‘జిప్ ఫైలు’ అనే మాట మనమందరం వింటూనే ఉంటాం. పెద్ద ఫైలు చిన్నదవుతుంది. అవతలివారి దగ్గర మళ్ళీ పెద్దదవుతుంది. మధ్యలో ఒక్క అక్షరం కూడా పోదు. ఇది ఎలా సాధ్యం? పంపేవారి కంప్యూటరు, అందుకునేవారి కంప్యూటరు ఎప్పుడూ ఒకదానినొకటి చూడకపోయినా ఒకే మాట మీద ఎలా నిలబడుతున్నాయి? ఈ వ్యాసంలో ఆ సంగతి తెలుసుకుందాం. పి.జి.లో ఈ పాఠం మాకు ఇంగ్లీషులోనే దొరికింది. తెలుగు మీడియం నుండి వచ్చే తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందని మాకు అర్థమైనంత వరకు తెలుగులో రాస్తున్నాం. ఆరు, ఏడు తరగతుల కూడిక, తీసివేత వస్తే చాలు, ఇందులోని లెక్కలన్నీ చేయవచ్చు.

1. కుదింపు రెండు రకాలు

దూదిని ప్రెస్సులో వేసి బేలు కడతారు. బేలు విప్పితే దూది దూదిగానే ఉంటుంది. ఇది నష్టం లేని కుదింపు. వడ్లు మిల్లు పట్టిస్తే బియ్యం వస్తాయి. బరువు తగ్గుతుంది, మోయడం తేలిక. కానీ ఆ బియ్యాన్ని మళ్ళీ వడ్లు చేయలేం. ఇది నష్టంతో కూడిన కుదింపు.

ఫోనులో తీసే జేపెగ్ ఫొటోలు, ఎంపీ3 పాటలు రెండవ రకం. కంటికీ చెవికీ పెద్దగా తెలియని వివరాలను వదిలేస్తాయి. జిప్, పీఎన్‌జీ బొమ్మలు, ఫ్లాక్ పాటలు మొదటి రకం. మార్కుల మెమో, బ్యాంకు లెక్క, కంప్యూటరు ప్రోగ్రాము వంటి వాటిలో ఒక్క అంకె కూడా మారకూడదు కాబట్టి అక్కడ మొదటి రకమే వాడాలి.

ఈ తేడా ఎంత ముఖ్యమో 2013లో ప్రపంచానికి తెలిసింది. జర్మనీకి చెందిన డేవిడ్ క్రీసెల్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త, కొన్ని జిరాక్స్ కంపెనీ యంత్రాలలో స్కాన్ చేసిన ఇంటి ప్లానులో గదుల వైశాల్యం అంకెలు మారిపోతున్నాయని బయటపెట్టాడు. చూడ్డానికి ఒకేలా ఉన్న చిన్న చిన్న ముక్కలను ఒకటే అనుకుని, ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టే కుదింపు పద్ధతి దానికి కారణం. కాగితం శుభ్రంగానే కనిపిస్తుంది, అంకె మాత్రం తప్పు. మసకబారిన అంకెను చూస్తే అనుమానం వస్తుంది. శుభ్రంగా ఉన్న తప్పు అంకెను ఎవరు అనుమానిస్తారు?

2. ఎన్‌కోడర్, డీకోడర్ అంటే ఏమిటి?

కుదించే ప్రోగ్రామును ఎన్‌కోడర్ అంటారు. విప్పే ప్రోగ్రామును డీకోడర్ అంటారు. నష్టం లేని పద్ధతికి ఒకటే సూత్రం:

విప్పు (కుదించు (సందేశం)) = సందేశం

ఈ సూత్రం ఎప్పుడూ నిలవాలంటే ఎన్‌కోడరు ఏ గుర్తుకు ఏ అర్థం పెట్టుకుందో డీకోడరు కూడా అదే అర్థం పెట్టుకోవాలి. వీటినే ఉమ్మడి నిర్వచనాలు అంటాం.

మన దేశంలో టెలిగ్రాం ఉన్న రోజుల్లో శుభాకాంక్షల వాక్యాలకు నంబర్లు ఉండేవి. పెళ్ళికో, పండుగకో పంపదలచిన వాక్యం నంబరు మాత్రమే తంతి మీద వెళ్ళేది. అవతలి ఆఫీసులో ఆ నంబరుకు ఎదురుగా ఉన్న పూర్తి వాక్యం రాసి ఇచ్చేవారు. రెండు ఆఫీసుల్లోనూ ఒకే జాబితా ఉండబట్టి ఆ పని సాగింది. ఒక ఆఫీసులో జాబితా మారి ఉంటే పెళ్ళివారికి పరీక్ష పాసైనందుకు అభినందనలు అందేవి! 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. ఆ సూత్రం మాత్రం ప్రతి ఫోనులోనూ బతికే ఉంది.

3. మన ఛందస్సులోనే ఉంది

తొమ్మిది, పది తరగతుల తమ్ముళ్ళకు గణాలు తెలుసు. మూడు అక్షరాల గణాలు ఎనిమిది: య, మ, త, ర, జ, భ, న, స. వీటి గురు లఘువులన్నీ విడివిడిగా రాసుకుంటే 8 × 3 = 24 గుర్తులు కావాలి. కానీ మన పెద్దలు ‘యమాతారాజభానసలగం’ అనే పది అక్షరాలలో వాటిని అమర్చారు. ఏ గణం కావాలంటే ఆ అక్షరం, దాని తర్వాతి రెండు అక్షరాలు తీసుకోవాలి. య గణానికి ‘యమాతా’: లఘువు, గురువు, గురువు. భ గణానికి ‘భానస’: గురువు, లఘువు, లఘువు. 24 గుర్తులు 10 అక్షరాలలో ఇమిడాయి. ఇది నష్టం లేని కుదింపు.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు. వాటి గురు లఘువుల వరుసను మనం ‘భ ర న భ భ ర వ’ అని ఏడు అక్షరాలలో చెబుతాం. వినేవారికి గణాలు వస్తే 20 గుర్తులూ తిరిగి రాస్తారు. గణాలు రాని వారికి అవి ఏడు అర్థంలేని అక్షరాలు. భ గణాన్ని య గణంగా నేర్చుకున్నవారికి మరీ ప్రమాదం. వారు కూడా 20 గుర్తులు రాస్తారు, అన్నీ సరిగ్గా ఉన్నాయనే అనుకుంటారు, పద్యం మాత్రం నడవదు.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటుంది. కుదింపులో పొదుపు ఊరికే రాదు. పంపే సందేశం నుండి తీసేసిన భాగం రెండు వైపులా ముందే ఉన్న జ్ఞానంలో ఉంటుంది. ఆ జ్ఞానమే ఉమ్మడి నిర్వచనం.

4. హాజరు పట్టీ లెక్క

ఇప్పుడు అతి సులువైన కంప్రెషన్ పద్ధతి చూద్దాం. నెలలో 30 రోజులు. హాజరైతే ‘హ’, గైర్హాజరైతే ‘గ’. ఒక విద్యార్థి మొదటి 12 రోజులు వచ్చాడు, ఒక రోజు రాలేదు, తర్వాత 17 రోజులు వచ్చాడు. పూర్తిగా రాస్తే 30 అక్షరాలు. ఒకే అక్షరం వరుసగా ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించి రాస్తే ఇలా ఉంటుంది:

12హ1గ17హ

ఎనిమిది గుర్తులతో సరిపోయింది. దీన్ని ఇంగ్లీషులో ‘రన్ లెంగ్త్’ పద్ధతి అంటారు. ఇందులో ఉమ్మడి నిర్వచనం ‘ముందు లెక్క, తర్వాత అక్షరం’. ఇప్పుడు డీకోడరు రాసినవారు ‘ముందు అక్షరం, తర్వాత లెక్క’ అనుకున్నారనుకుందాం. అది మొదటి 12ను అర్థం లేనిదని వదిలేస్తుంది. తర్వాత హ1, అంటే ఒక రోజు హాజరు. గ17, అంటే పదిహేడు రోజులు గైర్హాజరు. 29 రోజులు వచ్చిన విద్యార్థి నెలలో సగానికి పైగా రానివాడయ్యాడు!

ఫైలు పాడవలేదు. ఒక్క గుర్తు కూడా చెరగలేదు. ఎవరూ అబద్ధం రాయలేదు. నిర్వచనం ఒక్కటే మారింది. హాజరు చూసి స్కాలర్‌షిప్ ఇచ్చే మనలాంటి వారికి ఇది చిన్న విషయం కాదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి కూడా ఉంది. ‘హగహగ’ అని రోజు మార్చి రోజు వస్తే ‘1హ1గ1హ1గ’ అవుతుంది. నాలుగు అక్షరాలు ఎనిమిదయ్యాయి. దీని గురించి ఏడవ భాగంలో మళ్ళీ చెప్పుకుందాం.

5. హఫ్‌మన్ పద్ధతి

1951లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రాబర్ట్ ఫానో అనే ఆచార్యుడు తన విద్యార్థులకు చివరి పరీక్ష రాస్తారా, ఒక సమస్య మీద వ్యాసం రాస్తారా అని రెండు దారులు ఇచ్చాడు. డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి వ్యాసం ఎంచుకున్నాడు. ఆచార్యుడు కూడా పూర్తిగా పరిష్కరించని ఆ సమస్యకు ఆ విద్యార్థి పరిష్కారం కనుక్కున్నాడు. అది 1952లో అచ్చయింది. నేటికీ జిప్ ఫైళ్ళలో, పీఎన్‌జీ బొమ్మలలో ఆ పద్ధతే పనిచేస్తోంది.

సూత్రం సులభం. తరచుగా వచ్చేదానికి పొట్టి సంకేతం, అరుదుగా వచ్చేదానికి పొడుగు సంకేతం. హాస్టల్ టిఫిన్‌తోనే లెక్క చేద్దాం. 16 రోజుల్లో ఉప్మా 8 సార్లు, పులిహోర 4 సార్లు, ఇడ్లీ 2 సార్లు, పూరీ 2 సార్లు వచ్చాయనుకుందాం. నాలుగింటికీ సమానంగా రెండేసి బిట్లు ఇస్తే 16 × 2 = 32 బిట్లు. హఫ్‌మన్ పద్ధతిలో:

ఉప్మా – 0
పులిహోర – 10
ఇడ్లీ – 110
పూరీ – 111

మొత్తం (8 × 1) + (4 × 2) + (2 × 3) + (2 × 3) = 28 బిట్లు. ఇందులో ఏ సంకేతమూ ఇంకొక సంకేతానికి మొదటి భాగం కాదు. అందుకే మధ్యలో కామాలు అక్కర్లేదు. ‘0100110’ అని వస్తే ఎడమ నుండి చదువుకుంటూ ఉప్మా, పులిహోర, ఉప్మా, ఇడ్లీ అని తప్పకుండా చెప్పగలం.

ఇక్కడ ఒక ప్రశ్న. ఈ పట్టిక డీకోడరుకు ఎలా తెలుస్తుంది? పట్టిక మొత్తం పంపితే మిగిలిన నాలుగు బిట్లూ అందులోనే పోతాయి. దీనికి చక్కని ఉపాయం ఉంది. సంకేతాలను పంపకుండా వాటి పొడవులను మాత్రమే పంపుతారు. పేర్లను అక్షర క్రమంలో పెడితే ఇడ్లీ, ఉప్మా, పులిహోర, పూరీ. వాటి పొడవులు 3, 1, 2, 3. ఇక రెండు వైపులా పాటించే నియమాలు మూడు:

(అ) పొట్టి సంకేతాలు ముందు, పొడుగువి తర్వాత.
(ఆ) పొడవు సమానమైతే అక్షర క్రమం పాటించాలి.
(ఇ) ముందటి సంకేతానికి ఒకటి కలపాలి. పొడవు పెరిగినప్పుడు చివర ఒక సున్నా చేర్చాలి.

మొదటిది ఉప్మా: 0. దానికి ఒకటి కలిపితే 1, సున్నా చేరిస్తే 10, అది పులిహోర. ఒకటి కలిపితే 11, సున్నా చేరిస్తే 110, అది ఇడ్లీ. ఒకటి కలిపితే 111, అది పూరీ. పట్టిక దానంతటదే వచ్చింది! కానీ డీకోడరు (ఆ) నియమాన్ని తిరగేసి చదివితే ఇడ్లీలన్నీ పూరీలవుతాయి. హాస్టల్‌లో అది కొందరికి సంతోషమే కావచ్చు గానీ, మందుల జాబితాలో అలా జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

16 రోజులకు ఆదా అయింది నాలుగు బిట్లే. అదే లెక్కన 1,600 రోజులకు 400 బిట్లు. పట్టిక ఒక్కసారే పంపుతాం కాబట్టి సందేశం పెరిగే కొద్దీ లాభం పెరుగుతుంది.

6. వెనక్కి చూసి రాసే పద్ధతి

1977లో ఇజ్రాయెల్ దేశంలోని హైఫా నగరంలో ఉన్న టెక్నియాన్ సంస్థ ఆచార్యులు జేకబ్ జివ్, అబ్రహాం లెంపెల్ ఇంకొక దారి చూపించారు. ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే దాన్ని మళ్ళీ రాయవద్దు, ‘ఇంత వెనక్కి వెళ్ళి ఇంత తీసుకో’ అని చెబితే చాలు.

ఉదాహరణకు ‘మా ఊరి చెరువు, మా ఊరి బడి’ అనే మాటలు చూద్దాం. కంప్యూటరులో నేడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు, ఖాళీ, కామా ఒక్కొక్కటి 1 బైట్. గుణింతపు గుర్తు కూడా వేరే గుర్తే. ఆ లెక్కన ‘మా ఊరి ’ అనే భాగం చివరి ఖాళీతో కలిపి 17 బైట్లు. ‘చెరువు, ’ ఖాళీతో 20 బైట్లు. రెండవసారి ‘మా ఊరి ’ వచ్చినప్పుడు ‘37 వెనక్కి, 17 తీసుకో’ అని రాస్తే సరి.

ఇక్కడ ఎన్ని నిర్వచనాలు ఉన్నాయో చూడండి. 37 అంటే 37 బైట్లా, 37 అక్షరాలా? అక్షరాలు అనుకుంటే అన్ని అక్షరాలు వెనక లేనేలేవు. జిప్ ఫైళ్ళలో వాడే ‘డిఫ్లేట్’ పద్ధతిలో వీటికి కచ్చితమైన హద్దులున్నాయి. ఫిల్ కాట్జ్ రూపొందించిన ఈ పద్ధతి 1996లో ఆర్.ఎఫ్.సి. 1951 అనే పత్రంగా అందరికీ అందుబాటులోకి వచ్చింది. వెనక్కి చూడగలిగే దూరం 32,768 బైట్లు. తీసుకునే పొడవు కనీసం 3, గరిష్ఠం 258. 258 అనే వింత అంకె ఎందుకు? పొడవు నుండి 3 తీసేస్తే 0 నుండి 255 వరకు విలువలు వస్తాయి. అవి 256. ఒక బైట్‌లో సరిగ్గా పట్టేవి అన్నే.

ఇప్పుడు మనమే ఇలాంటి చిన్న ప్రోగ్రాము రాశామనుకుందాం. ఎన్‌కోడరు 17 నుండి 3 తీసేసి 14 అని రాసింది. డీకోడరు 3 కలపలేదు. 14 బైట్లే తీసుకుంది. చివరి ఖాళీ పోయింది. ‘రి’లోని గుడి గుర్తుకు మూడు బైట్లలో ఒకటే వచ్చింది. అక్షరం విరిగింది. అంతటితో ఆగదు. అసలు ఫైలు కన్నా మూడు బైట్లు తక్కువగా ఉన్నందున, ఆ తర్వాత ‘ఇంత వెనక్కి’ అన్న చాలా చోట్ల తప్పు స్థలం తగులుతుంది. తప్పుగా తీసుకున్న దాని నుండి మళ్ళీ తప్పు పుడుతుంది.

7. అన్నిటినీ కుదించవచ్చా?

కుదించలేం. దీనికీ గణాలే సాక్ష్యం. గురువు, లఘువు అనే రెండు గుర్తులతో మూడు అక్షరాల వరుసలు 8. మూడు కన్నా తక్కువ అక్షరాలతో రెండు అక్షరాలవి 4, ఒక అక్షరానివి 2, ఏమీ లేనిది 1, మొత్తం 7. ఎనిమిది మందిని ఏడు కుర్చీలలో ఒక్కొక్కరిగా కూర్చోబెట్టలేం. కాబట్టి ఏ పద్ధతి అయినా కొన్ని ఫైళ్ళను కుదిస్తే, ఇంకొన్నింటిని కుదించలేదు. ‘హగహగ’ అందుకే పెరిగింది. ఏ ఫైలునైనా సగం చేస్తానని ఎవరైనా ప్రకటన ఇస్తే నమ్మవద్దు.

8. ఒప్పందంలో ఉండవలసినవి

ఇప్పటి వరకు చూసిన దాన్ని క్రోడీకరిద్దాం. రెండు వైపులా ఒకేలా ఉండవలసినవి:

(1) గుర్తుల జాబితా. డిఫ్లేట్‌లో 0 నుండి 255 వరకు మామూలు బైట్లు, 256 అంటే భాగం ముగిసింది, 257 నుండి 285 వరకు పొడవులు.
(2) సంకేతాల పట్టిక, లేదా దాన్ని తయారుచేసే నియమం.
(3) కొలతలు: దూరం హద్దు, కనిష్ఠ, గరిష్ఠ పొడవులు.
(4) బిట్లను ఏ వైపు నుండి నింపాలి అనే క్రమం.
(5) మొదలయ్యే స్థితి, ప్రతి అడుగు తర్వాత అది మారే తీరు.
(6) ఫైలు గుర్తింపు. జీజిప్ ఫైలు 31, 139 అనే బైట్లతో మొదలవుతుంది. జిప్ ఫైలు కాట్జ్ పేరులోని ‘పీ, కే’ అక్షరాలతో మొదలవుతుంది.
(7) సరిచూసే అంకె. జీజిప్ చివర సీఆర్‌సీ-32 అనే అంకె, అసలు ఫైలు పరిమాణం ఉంటాయి. విప్పిన తర్వాత ఇవి కలవకపోతే తప్పు జరిగినట్లు తెలుస్తుంది.

(4), (5) అంశాలకు మంచి ఉదాహరణ జిఫ్, టిఫ్ అనే బొమ్మల ఫైళ్ళు. రెండింటిలోనూ టెర్రీ వెల్చ్ 1984లో ప్రకటించిన ఎల్‌జెడ్‌డబ్ల్యూ పద్ధతి వాడవచ్చు. కానీ బిట్లు నింపే వైపు వేరు. పైగా సంకేతం పొడవు 9 బిట్ల నుండి 10 బిట్లకు పెంచడం టిఫ్‌లో ఒక అడుగు ముందే జరుగుతుంది. ఆ ఒక్క అడుగు తేడా చాలు, ఒకదాని డీకోడరుకు రెండవది అర్థం కాదు.

ప్రోగ్రాములు రాసే తమ్ముళ్ళకు మా సలహా. ఇలాంటి అంకెలను ఎన్‌కోడరులో ఒకసారి, డీకోడరులో ఒకసారి రాయవద్దు. సి భాషలో అయితే ఒకే హెడర్ ఫైలులో రాసి, రెండు ప్రోగ్రాములలోనూ దాన్నే కలపండి. మార్చినా ఒక్కచోటే మారుతుంది. పెద్దవారు కూడా ఇదే చేస్తారు. జెడ్-స్టాండర్డ్ అనే పద్ధతి సోర్స్ కోడులో కుదించే భాగం ఒక ఫోల్డరులో, విప్పే భాగం ఇంకొక ఫోల్డరులో, రెండింటికీ ఉమ్మడివి ‘కామన్’ అనే మూడవ ఫోల్డరులో ఉంటాయి. బ్రోట్లీ అనే పద్ధతిలోనూ అంతే.

9. ఆ జాబితాలో మన భాష ఉందా?

బ్రోట్లీ గురించి ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. గూగుల్ సంస్థలో తయారైన ఈ పద్ధతి 2016లో ఆర్.ఎఫ్.సి. 7932గా ప్రమాణమైంది. వెబ్ పేజీలు పంపడానికి విరివిగా వాడుతున్నారు. ఇందులో ఎన్‌కోడరు, డీకోడరు రెండింటిలోనూ ముందే ఒక నిఘంటువు ఉంటుంది. పరిమాణం 1,22,784 బైట్లు, పదాలు 13,504. ఆ పదాలు పేజీలో వస్తే నిఘంటువులోని స్థానం చెబితే సరిపోతుంది, టెలిగ్రాం నంబరు లాగా. ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, హిందీ, రష్యన్, అరబిక్ భాషల పదాలను, వెబ్ పేజీల కోడులో తరచుగా వచ్చే ముక్కలను తీసుకుని దాన్ని తయారుచేశారు. ఆ ఆరు భాషలలో తెలుగు లేదు.

దీని వల్ల తెలుగు పేజీలు పనిచేయకుండా పోవు. మన గుర్తులకు మొదటి రెండు బైట్లు 224, 176 లేదా 224, 177 మాత్రమే. అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి కాబట్టి తెలుగు పాఠం బాగానే కుదురుతుంది. కానీ ఆ ఆరు భాషల వారికి మొదటి వాక్యం నుండే దొరికే సాయం మనకు దొరకదు. పేజీ చిన్నదైనప్పుడు ఈ తేడా ఎక్కువ. ఇప్పుడు ఆ నిఘంటువులో తెలుగు పదాలు చేర్చుదామంటే కుదరదు. ఇప్పటికే లెక్కలేనన్ని కంప్యూటర్లలో, ఫోన్లలో పాత నిఘంటువుతో డీకోడర్లు ఉన్నాయి. ఒక్క పదం జరిగినా అవన్నీ తప్పు చదువుతాయి. ఉమ్మడి నిర్వచనం ఒకసారి స్థిరపడితే దాన్ని కదపడం ఎవరి తరమూ కాదు.

ఇందులో కుట్ర ఉందని మేము అనడం లేదు. రాసేటప్పుడు ఆ బల్ల దగ్గర ఎవరుంటే వారికి తెలిసినవి అందులోకి వస్తాయి. తర్వాత వచ్చినవారు ఆ నియమాలను పాటించవలసిందే. మన ఇళ్ళలో పెద్దలు ఎన్నో కాగితాల మీద, వాటిలో ఏమి రాసి ఉందో తెలియకుండానే వేలిముద్ర వేశారు. ఇప్పుడు మనం చదవగలుగుతున్నాం. చదవడంతో ఆగకుండా రాసే చోటికి కూడా చేరాలి.

అందుకు దారి మూసుకుపోలేదు. యాన్ కొలే ఫేస్‌బుక్‌లో ఉండగా 2016లో విడుదలైన జెడ్-స్టాండర్డ్‌లో మన సొంత నిఘంటువు తయారుచేసుకునే వీలుంది. నమూనా ఫైళ్ళు ఇస్తే అదే నిఘంటువు తయారుచేస్తుంది. దానికి ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. రెండు వైపులా అదే నిఘంటువు ఉండాలి. తెలుగు వార్తలు, పాఠాలు నమూనాగా తీసుకుని నిఘంటువు చేసి, అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని కొలవడం డిగ్రీ ప్రాజెక్టుకు సరిపోయే పని. ఇది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేరు, మామూలు కంప్యూటరు చాలు.

అభ్యాసం

(1) పై టిఫిన్ పట్టిక ప్రకారం ‘111010’ని విప్పండి.
(2) ‘5హ2గ23హ’ ఎన్ని రోజుల హాజరు పట్టీ? ఎన్ని రోజులు హాజరు?
(3) ‘తెలుగు’ అనే మాట యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు?
(4) స గణం గురు లఘువులను ‘యమాతారాజభానసలగం’ నుండి విప్పండి.

జవాబులు: (1) పూరీ, ఉప్మా, పులిహోర. (2) 30 రోజులు, 28 రోజులు హాజరు. (3) ఆరు గుర్తులు, 18 బైట్లు. (4) ‘సలగం’: లఘువు, లఘువు, గురువు.

ముగింపు

కుదింపు అంటే మాటలు తగ్గించడం మాత్రమే కాదు, ముందు మాట కలుపుకోవడం. ఎంత తెలివైన ఎన్‌కోడరైనా తన నిర్వచనాలు డీకోడరుకు అందకపోతే అది రాసినది చెత్తతో సమానం. ఈ జవాబులు చూడకుండా లెక్కలు చేసిన తమ్ముళ్ళు, ఒక కాగితం మీద సొంతంగా ఒక చిన్న సంకేత పద్ధతి రాసి పక్క గది మిత్రుడికి ఇవ్వండి. మీరు ఎదురుగా లేకుండా, నోటితో ఏమీ చెప్పకుండా, అతను ఆ కాగితం చూసి మీ సందేశాన్ని తప్పు లేకుండా విప్పగలిగితే మీ నిర్వచనాలు సరిపోయినట్లే. విప్పలేకపోతే మీ తలలో ఉండిపోయి కాగితం మీదికి రాని నియమం ఏదో వెతకండి. ఈ విద్యలో మొదటి పాఠం అదే.